'ఇంటికి' అని రాసిన డిశ్చార్జి కాగితం: పోలండ్ సరిహద్దు అడవిలో విరిగిన మడమ

రోగి దేశం, భాష, వయసు, దొరికిన చోటు ఇందులో ఉండవు. తేదీలకు బదులు రోజుల లెక్క ఇస్తున్నాను. గాయం, మేము తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక ఆలోచన మాత్రం ఉన్నవున్నట్టే రాస్తున్నాను. రాసిందంతా అతని భాషలోకి మార్చి వినిపించాం. సరేనన్నాకే బయటపెడుతున్నాను.

నేను ఎమర్జెన్సీ డాక్టర్ని. ఉద్యోగం పోలండ్‌లో. సెలవు రోజుల్లో బెలారస్ సరిహద్దు అడవిలో వలసదారులకు చికిత్స చేసే ఒక చిన్న బృందంతో వెళ్తుంటాను. ఇక్కడ మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లలు ఇద్దరు ఈమధ్య మాతో వస్తామని అడిగారు. కట్టు ఎలా కట్టాలో వాళ్ళకి కాలేజీలో నేర్పుతారు. కట్టు కట్టాక రోగి ఎక్కడికి పోతాడన్నది మాత్రం ఎవరూ నేర్పరు. అందుకే ఈ కేసు.

నేపథ్యం

2021 వేసవిలో బెలారస్ ప్రభుత్వం వీసాలు సులువు చేసి, మధ్యప్రాచ్యం నుంచి, ఆఫ్రికా నుంచి జనాన్ని మిన్స్క్‌కి రానిచ్చింది. అక్కడి నుంచి పోలండ్, లిథువేనియా, లాత్వియా సరిహద్దుల వైపు తోలింది. పోలండ్ దీన్ని తన మీద ఎక్కుపెట్టిన ఎత్తుగడగా చూసింది. అది ఎత్తుగడే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఎత్తుగడలో పావులైన మనుషులకి కాళ్ళు విరుగుతాయి, జ్వరాలొస్తాయి. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన ఒక మంత్రిత్వ శాఖ ఉత్తర్వు, అక్టోబరులో విదేశీయుల చట్టానికి చేసిన సవరణ కలిసి, అక్రమంగా దాటినవాళ్ళని సరిహద్దు రేఖ దాకా తీసుకెళ్ళి వెనక్కి పంపే పద్ధతికి కాగితం మీద ఆధారం కల్పించాయి. సెప్టెంబర్ 2 నుంచి సరిహద్దు పట్టీలో అత్యవసర పరిస్థితి పెట్టారు. సహాయ బృందాలకీ విలేకరులకీ లోపలికి దారి మూసేశారు. 2022 వేసవికి 186 కిలోమీటర్ల పొడవున, 5.5 మీటర్ల ఎత్తున ఉక్కు కంచె లేచింది. పైన రేజర్ వైరు చుట్టలు.

పుష్‌బ్యాక్ అనే మాట వార్తల్లో వింటుంటాం. దగ్గర్నుంచి చూస్తే అది ఇలా ఉంటుంది: పట్టుకున్న మనిషిని బండెక్కించి, శరణు అడిగినా దరఖాస్తు తీసుకోకుండా, కంచెలో అక్కడక్కడా ఉన్న చిన్న గేటు ఒకటి తెరిచి అవతలికి పంపి తలుపేసేయడం. ఇక్కడి వాలంటీర్లు దాన్ని 'వివూస్కా' అంటారు, బండిలో తీసుకెళ్ళి దింపేసి రావడమని అర్థం. అవతల ఊరేమీ ఉండదు. అటువైపు బెలారస్ వేసిన మరో కంచె ఉంటుంది, దాన్ని అందరూ 'సిస్తెమా' అంటారు. ఈ రెండు కంచెల మధ్య పట్టీలో చిక్కుకున్నవాళ్ళని అటువాళ్ళు మళ్ళీ ఇటే తోలతారు. వలసదారులు ఆ చోటునీ ఇటుపక్క అడవినీ కలిపి 'జంగిల్' అనే అంటారు.

కంచె వచ్చాక దాటేవాళ్ళు ఆగలేదు, మేము చూసే గాయాలు మారాయి. మొదటి చలికాలంలో ఎక్కువగా చలికి శరీరం చల్లబడిపోయిన కేసులు, నీళ్ళలో నానిన పాదాలు చూసేవాళ్ళం. తర్వాత ఎత్తు నుంచి పడిన గాయాలు మొదలయ్యాయి: మడమ, చీలమండ, తుంటి, నడుము. ఈ రోగి ఆ రెండో కాలం మనిషి.

మొదటి రాత్రి

సాయంత్రం లొకేషన్ పిన్ వచ్చింది. వెనకే ఒక ఫొటో: బూటు విప్పిన కుడి పాదం, చీలమండ ఎముక ఎక్కడుందో కనపడనంత వాపు. ఇద్దరం బయల్దేరాం. తలలైట్లకి ఎర్ర ఫిల్టర్లు, వీపున పొడి సాక్సులు, థర్మాస్‌లో సూప్, మందుల సంచి. దొరికేసరికి తొమ్మిది దాటింది.

చెట్టు మొదట్లో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడికాలిని మోకాలి కింద రెండు చేతులతో పట్టుకుని గాల్లో ఉంచాడు. తెల్లవారుజామున కంచె మీంచి పడ్డప్పటినుంచీ, దాదాపు పద్నాలుగు గంటలు, అలాగే పట్టుకుని ఉన్నాడట. మడమ నేలకి తగిలితే తట్టుకోలేకపోతున్నానన్నాడు. అరచేతుల్లో రేజర్ వైరు కోతలు. రక్తం ఎండి వేళ్ళు ప్యాంటు గుడ్డకి అతుక్కుపోయాయి. సెలైన్‌తో తడిపి ఒక్కో వేలు విడదీయాల్సొచ్చింది.

మడమ రెండో కాలితో పోలిస్తే వెడల్పుగా ఉంది. కమిలిన నలుపు అరికాలి మధ్య దాకా పాకింది. అరికాల్లోకి దిగిన అలాంటి నలుపు కనిపిస్తే మడమ ఎముక విరిగిందనే అనుకోవాలి. ఎత్తు నుంచి కాళ్ళ మీద పడినవాడి మడమ విరిగితే ఆ దెబ్బ అక్కడితో ఆగదు, వెన్ను దాకా పోతుంది. అందుకే వెన్ను మీద వేళ్ళతో తట్టుకుంటూ పోయాను. నడుం పైభాగంలో ఒకచోట ముఖం చిట్లించాడు. కాళ్ళలో బలం ఉంది, తొడల మధ్య స్పర్శ ఉంది, మూత్రం వస్తోంది. చెవి థర్మామీటరు 34 చూపించింది. చలిలో చెవి చల్లబడితే ఆ అంకె నమ్మదగింది కాదు. గట్టిగా వణుకుతున్నాడు, మాట స్పష్టంగా ఉంది. ఆ రెండూ ఉన్నంతసేపూ శరీరం ఇంకా పోరాడుతోందని నేను లెక్కవేస్తాను.

ముందు మూడు దారులున్నాయి. ఒకటి, కాలికి ఆసరా కట్టి, మందులిచ్చి అక్కడే ఉంచడం. అతను కోరింది అదే. "నో అంబులెన్స్" అని ఇంగ్లీషులో నాలుగైదుసార్లు అన్నాడు. రెండు, మా కారులో ఎక్కించుకోవడం. మూడు, అంబులెన్సు కోసం 112కి ఫోన్ చేయడం.

కారు దారి మేము చాలా తొందరగా వదిలేశాం. ఈ దేశ శిక్షాస్మృతిలో 264ఎ అనే సెక్షన్ ఉంది, ప్రయోజనం కోసం ఎవరినైనా దేశంలో అక్రమంగా ఉండేలా సాయపడితే ఐదేళ్ళ దాకా శిక్ష. 2022 మార్చిలో ఇదే ప్రాంతంలో ఒక కుటుంబానికి, మరొక మనిషికి తిండీ బట్టలూ ఇచ్చి బండిలో తీసుకెళ్ళినందుకు ఐదుగురు ఏళ్ళ తరబడి కేసు మోశారు. 2025 సెప్టెంబరులో గానీ కోర్టు వాళ్ళని నిర్దోషులనలేదు. అయితే మేము వద్దనుకోవడానికి మొదటి కారణం భయం కాదు. వెన్ను విరిగిందేమోనని అనుమానం ఉన్న మనిషిని వెనక సీట్లో మడతపెట్టి గుంతల దారిలో తీసుకెళ్ళడం తప్పుడు వైద్యం.

అక్కడే ఉంచడం గురించి మాత్రం చాలాసేపు ఆలోచించాం. కాలివేళ్ళు కదిపితే నొప్పి ఉంది కానీ భరించలేనంత లేదు, స్పర్శ ఉంది. అంటే పాదం లోపల ఒత్తిడి పెరిగి కండ చచ్చిపోయే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అప్పటికి లేదు. తెల్లారేలోపు రాదని ఎవరు చెప్పగలరు? వస్తే అడవిలో చేయగలిగింది ఏమీ లేదు. దానికి తోడు చలి, వెన్ను. ఫోన్‌లో దుబాసీ ఉన్నావిడ ఇదంతా అతనికి ఓపిగ్గా చెప్పింది. అతను విని ఒక మాటన్నాడు: "డాక్టర్, కాలు పోయినా బతుకుతాను. అక్కడికి పంపితే బతకను."

నలభై నిమిషాలు పట్టింది. ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. తనని సరిహద్దు గస్తీవాళ్ళకి అప్పగించొద్దని ఆసుపత్రికి చెప్పాలి. "చెప్తాను" అన్నాను. నేనన్న 'చెప్తాను' అతనికి 'జరగనివ్వను' అని వినపడిందన్న సంగతి నాకు పన్నెండో రోజు తెలిసింది.

అంబులెన్సుతో పాటు యూనిఫాంలో ఇద్దరు వచ్చారు. ఇక్కడ అది మామూలే. స్ట్రెచర్ మీద నుంచే అతను ఇంగ్లీషులో రెండుసార్లు శరణు కావాలని అడిగాడు. ఒకతను తలూపాడు. ఎవరూ ఏమీ రాసుకోలేదు. నేను అరపేజీ రెఫరల్ రాసి పారామెడిక్ చేతికిచ్చాను: మడమ ఎముక విరిగిన అనుమానం, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ గమనించండి, అరచేతుల్లో కోతలు, టెటనస్ ఇంజెక్షన్, చలికి శరీర ఉష్ణోగ్రత తగ్గింది. ఆఖరి వరుసలో, పడ్డాక నడుం నొప్పి, వెన్ను చూడండి. రాత్రి రెండింటికి ఎమర్జెన్సీకి ఫోన్ చేశాను. ఎత్తిన యువ డాక్టరు మర్యాదగా మాట్లాడాడు, బాగా చూసుకుంటామన్నాడు. నేను ఇంటికెళ్ళి పడుకున్నాను.

డిశ్చార్జి

మర్నాడు మధ్యాహ్నానికల్లా అతను ఆసుపత్రిలో లేడు.

డిశ్చార్జి కాగితం చాలా రోజుల తర్వాత చూశాను. మడమ ఎముక ముక్కలై కీలులోకి విరిగింది. సగం పిండికట్టు వేశారు, చేతులకి కుట్లు వేశారు, రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్లకి చీటీ రాశారు. కింద నాలుగు వాక్యాలు: సాధారణ స్థితి బాగుంది. ఇంటికి డిశ్చార్జి. పాదం ఎత్తులో ఉంచుకోవాలి. పది రోజుల తర్వాత ఎముకల విభాగంలో చూపించుకోవాలి.

ఆ ఊరి మనిషికైతే ఇది అక్షరాలా సరైన వైద్యం. ఈ కేసు అర్థం కావాలంటే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. మడమ విరిగినప్పుడు వెంటనే కోయరు. వాపు మీద కోస్తే గాయం మూసుకోదు, చర్మం చచ్చిపోతుంది. వారం నుంచి రెండు వారాలు ఆగి, వాపు తీసి చర్మం మీద ముడతలు కనిపించాక కోస్తారు. మూడు వారాలు దాటితే మాత్రం ఎముక ముక్కలు ఎక్కడివక్కడ అతుక్కోవడం మొదలుపెడతాయి, వాటిని మళ్ళీ సరిచేయడం చాలా కష్టం. అంటే ఈ గాయానికి చికిత్సలో సగం భాగం మంచం మీద కాలెత్తుకుని పడుకోవడమే. సొంత ఇల్లున్నవాడు ఇంట్లో పడుకుంటాడు. పది రోజులకి మళ్ళీ వస్తాడు.

ఇతనికి ఆ పది రోజులు పడుకోవడానికి చోటు లేదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర బండి ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ అధికారి ఆ కాగితంలో చదివింది రెండే ముక్కలు: స్థితి బాగుంది, డిశ్చార్జి. వైద్యుడి భాషలో 'చికిత్స మొదటి మెట్టు అయింది' అన్నది అధికారి భాషలో 'చికిత్స అయిపోయింది' అయ్యింది. పోలిష్‌లో ఉన్న ఏదో కాగితం మీద సంతకం పెట్టించారని, చీకటి పడ్డాక గేటులోంచి అవతలికి పంపారని రోగి తర్వాత చెప్పాడు. ఆసుపత్రి ఇచ్చిన చంకకర్రలు బండిలోనే ఉండిపోయాయట. గేటు దగ్గర నుంచి చేతుల మీదా మోకాళ్ళ మీదా పాక్కుంటూ వెళ్ళాడు. వెన్ను ఫొటో తీయలేదు, నా ఆఖరి వరుస ఎవరి కంటా పడలేదు.

అతని జాడ తెలియని ఆ తొమ్మిది రోజులు మేము ఏం చేయలేకపోయామో కూడా చెప్పాలి. ఎక్కడున్నాడని ఫోన్ చేస్తే, మీకూ అతనికీ సంబంధమేమిటని అడిగారు. లాయరు ఈమెయిల్ పెడితే వకాల్తా ఏదన్నారు. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి రాద్దామంటే, అతని తరఫున రాస్తున్నామని చూపించే సంతకం లేదు. అడవిలో నలభై నిమిషాలు అతని పక్కన కూర్చున్నాను. అందులో రెండు నిమిషాలు చాలేవి ఒక సంతకానికి. అది వైద్యుడి పని కాదనుకున్నాను.

నా రెఫరల్‌ని కూడా ఆ రోజుల్లో చాలాసార్లు చదువుకున్నాను. వైద్యపరంగా తప్పేమీ లేదు. అది ఒక డాక్టరు ఇంకో డాక్టరుకి రాసిన చీటీ, అంతే. ఆ రోగి జీవితాన్ని తేల్చబోయే మూడో మనిషి ఒకడున్నాడని, అతనికి వైద్యం తెలియదని, అతను కూడా ఇదే కాగితం చదువుతాడని నేను లెక్కలోకి తీసుకోలేదు.

పదకొండో రోజు

వేరేవాళ్ళ ఫోన్ నుంచి పిన్ వచ్చింది. ఎక్కడ, ఎలా దాటించుకొచ్చారో నేను రాయను. తోటివాళ్ళు మోసుకొచ్చి, అడవి దారి పక్కన వదిలి, మాకు కబురుపెట్టి వెళ్ళిపోయారు.

పిండికట్టు నీళ్ళకి నాని మెత్తబడి, బురదపట్టి, పాదానికి గిన్నెలా వేలాడుతోంది. కత్తెరతో కోస్తే వాసన. విరిగినప్పుడు వచ్చిన నీటిపొక్కులు చితికి పుండ్లయ్యాయి, మడమ వెనక కట్టు ఒరుసుకుని రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. బాగున్న ఎడమ పాదం తెల్లగా ముడతలు పడి, తిమ్మిరెక్కి ఉంది. జ్వరం 38.6. ఈసారి థర్మామీటరు చంకలో పెట్టాను.

చొక్కా ఎత్తితే వీపు మీద, తొడల వెనక జంట గీతలు. రెండు ఎర్రటి గీతలు పక్కపక్కనే, మధ్యలో పాలిపోయిన చర్మం. గుండ్రటి కర్రతో గట్టిగా కొడితే పడే గుర్తు ఇదే. దెబ్బ తగిలినచోట రక్తం పక్కలకి నెట్టుకుపోయి అంచుల్లో చిట్లుతుంది, మధ్య ఖాళీగా ఉండిపోతుంది. హింసని నమోదు చేసేందుకు ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్ ప్రకారం డాక్టరు తేల్చాల్సింది ఎవరు కొట్టారన్నది కాదు. రోగి చెప్పినదానికి గాయం ఎంతవరకు సరిపోతుందన్నది. సరిపోదు, సరిపోతుంది, చాలా బాగా సరిపోతుంది, సాధారణంగా ఇలాగే ఉంటుంది, ఇంకో కారణం ఉండే వీల్లేదు: ఇలా ఐదు మెట్లున్నాయి. నాలుగో మెట్టు వేశాను. ఏ వైపువాళ్ళు కొట్టారన్నది అతను చెప్పినట్టే, అతని మాటగానే రాశాను. కొలబద్ద పక్కన పెట్టి ఒక్కో గాయానికి ఫొటో, ముఖంతో కలిపి ఒక ఫొటో తీశాను. కోపంతో ఒక్క విశేషణం చేర్చినా రిపోర్టు విలువ పోతుంది. చేర్చాలనిపించింది, చేర్చలేదు.

ఈసారి అతను అంబులెన్సు వద్దనలేదు. నా మొహం కేసి చూడనూ లేదు. దుబాసీ ద్వారా క్షమాపణ చెప్పాను. చెప్తానన్నదీ జరగనివ్వనన్నదీ ఒకటి కాదని, ఈసారి కూడా జరగదని మాటివ్వలేనని, ఏమేం చేయగలనో మాత్రం వరసగా చెప్తానని అన్నాను. చాలాసేపయ్యాక, "కాగితాలు తీయండి" అన్నాడు.

రెండోసారి చేసినవి

112కి ఫోన్ చేయకముందే సంతకాలు అయిపోయాయి. జ్వరం ఉంది, అయినా స్పృహలో ఉన్నాడు, అడిగినవాటికి సరిగ్గా జవాబిస్తున్నాడు. నొప్పికి మత్తు కలిగించే మందు ఇంకా ఇవ్వలేదు. ఇస్తే తర్వాత ఎవరైనా సంతకం చెల్లదనొచ్చు. ఈ క్రమం మీద మాలో మాకు వాదన జరిగింది. నొప్పితో మనిషి అల్లాడుతుంటే కాగితాలేమిటని నాతో వచ్చిన నర్సు గట్టిగా అడిగింది. ఆవిడ అడిగినదాంట్లో న్యాయముంది. నిర్ణయం రోగికే వదిలాం. ముందు సంతకాలు, తర్వాత మందు అన్నాడు. ఆరు నిమిషాలు పట్టింది.

మొదటిది లాయరు పేర వకాల్తా. రెండోది, అతను తన భాషలోనూ ఇంగ్లీషులోనూ పోలండ్‌లో అంతర్జాతీయ రక్షణ కోరుతున్నానని చెప్పే చిన్న వీడియో, అదే ముక్క కాగితం మీద. మూడోది అందరూ మర్చిపోయేది. 2008 నాటి పోలండ్ రోగుల హక్కుల చట్టం ప్రకారం రోగి తను కోరుకున్న మనిషిని 'దగ్గరి వ్యక్తి'గా పెట్టుకోవచ్చు, తన ఆరోగ్య సమాచారం ఆ మనిషికి ఇవ్వమని రాసివ్వొచ్చు. బంధువే కానక్కర్లేదు. ఆ కాగితం ఉంటే వార్డులో 'మీరెవరు?' అన్న ప్రశ్నకి జవాబుంటుంది.

అన్నీ ఫొటోలు తీసి అక్కడి నుంచే లాయరుకి పంపాం. అంబులెన్సు చేరేలోపే శరణు కోరిక ఈమెయిల్‌లో సంబంధిత కార్యాలయానికి వెళ్ళిపోయింది, పంపిన సమయంతో సహా. ఆ రాత్రే స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి 39వ నియమం కింద మధ్యంతర ఉత్తర్వు కోసం అర్జీ. ఈ సరిహద్దు విషయంలో ఆ కోర్టు 2021 ఆగస్టు 25నే, మధ్యలో చిక్కుకున్న అఫ్గాన్ల గుంపుకి తిండి, నీళ్ళు, వైద్యం అందించమని పోలండ్‌ని ఆదేశించింది. అంతకుముందు 2020 జులైలో, బెలారస్ సరిహద్దులోని తెరెస్పోల్ దగ్గర శరణు కోరినవాళ్ళని తిప్పి పంపిన కేసులో పోలండ్‌ది తప్పని తీర్పిచ్చింది. లాయరుకి నా నుంచి కావలసింది ఒకే పేజీ: ఈ మనిషిని ఇప్పుడు పంపేస్తే శరీరానికి ఏమవుతుంది?

ఆ పేజీ రాయడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. మొదటి చిత్తుప్రతిలో 'ఇతన్ని వెనక్కి పంపకూడదు' అని రాశాను. సీనియర్ ఒకాయన కొట్టేశారు. అది మన అభిప్రాయం, దాన్ని పక్కన పెట్టేయడం తేలిక, కాలు ఏం చేయలేదో రాయమన్నారు. తిరగరాసింది ఇలా వచ్చింది: నిలబడలేడు. ఒక్క అడుగు కూడా వేయలేడు. పడుకోబెట్టి మాత్రమే తరలించాలి. రోజూ శుభ్రమైన కట్టు మార్చాలి, మారకపోతే పుండు ఎముక దాకా పోతుంది, అలా పోతే పాదం తీసేయాల్సి రావచ్చు. ఆపరేషన్ నిర్ణయానికి ఫలానా తేదీ గడువు. వెన్నుపూసకి దెబ్బ ఉందేమో తేలేవరకు నడిపించడం ప్రమాదం. అడవిలో, కంచెల మధ్య, వీటిలో ఏదీ సాధ్యం కాదు. వెన్ను ముక్క ఈసారి రెఫరల్‌లో మొదటి వరుసలో ఉంది.

తెల్లారాక ఎముకల విభాగం పెద్ద డాక్టరుతో ఫోన్‌లో కాదు, ఎదురుగా మాట్లాడాను. మొదటి డిశ్చార్జి కాగితం కాపీ, పక్కనే నానిన పిండికట్టు ఫొటో టేబుల్ మీద పెట్టాను. నిందించడానికి వెళ్ళలేదు, వెళ్ళుంటే తలుపు మూసుకునేది. ఆయన కాగితాన్ని చాలాసేపు చూసి, 'ఇంటికి' అనేది కంప్యూటరు దానంతట అదే వేస్తుందన్నారు. తర్వాత నేను అడిగింది ఒకటే: ఆపరేషన్ ఉన్నా లేకున్నా, చికిత్స పూర్తయ్యేదాకా డిశ్చార్జి అనే మాట రాకూడదు. వేరేచోటికి పంపాల్సొస్తే వైద్యం దొరికే చోటి పేరుతో బదిలీ అని రాయాలి. ఆయన ఒప్పుకున్నారు. కేస్ షీట్‌లో స్వహస్తాలతో రాశారు.

సీటీ స్కాన్‌లో నడుం మొదటి పూస నలిగి ఉంది. నరాలు భద్రం. అంటే మొదటిసారి పాక్కుంటూ వెళ్ళింది విరిగిన వెన్నుతో.

మంచం పక్కన యూనిఫాంలో ఒకరు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తలుపు బయట రోజుకి రెండు విడతలు మావాళ్ళు. 'దగ్గరి వ్యక్తి' కాగితాన్ని మొదటి షిఫ్టు ఒప్పుకోలేదు, రెండో షిఫ్టు నర్సు చదివి లోపలికి పంపింది. పోట్లాడలేదు, నినాదాలు లేవు. రోజూ ఎవరో ఒకరు వచ్చి పుండు ఎలా ఉందని అడుగుతారని అందరికీ తెలిసేలా చూసుకున్నాం. స్ట్రాస్‌బర్గ్ మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, అతన్ని బెలారస్‌కి పంపొద్దని, నిర్ణీత కాలానికి. శరణు దరఖాస్తు అధికారికంగా తీసుకున్నారు.

వీటిలో ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఉత్తర్వే ఆపిందని లాయరు అంటారు, కావచ్చు. కానీ ఉత్తర్వు వచ్చేలోపు రెండు రాత్రులు గడిచాయి. ఆ రెండు రాత్రులూ అతన్ని మంచం మీద ఉంచింది మాత్రం కేస్ షీట్‌లో పెద్ద డాక్టరు రాసిన ఆ రెండు వరుసలేనని నా నమ్మకం.

దక్కనిది

పుండు శుభ్రపడేసరికి ఇరవై నాలుగో రోజు. ముక్కలు అప్పటికే అతుక్కోవడం మొదలుపెట్టాయి. కోసి సరిచేసే అవకాశం పోయింది, చర్మమూ దానికి తట్టుకోదు. మడమ వెడల్పుగా, పొట్టిగా అతుక్కుంది. దాని పై కీలు అరిగిపోయి జీవితాంతం నొప్పి పెడుతుంది. పదో రోజున, పొడి కట్టుతో, ముడతలు పడిన చర్మంతో వచ్చుంటే వేరేగా ఉండేదేమో. ఆపరేషన్ చేసినా మడమ మునుపటిలా అవుతుందన్న హామీ లేదు, నిజమే. ఆ అవకాశమైనా అతనికి దొరకలేదు, అదీ నిజమే. ఈ కేసుని మాలో కొందరు విజయంగా చెప్తారు. నేను చెప్పను.

మా బృందం పద్ధతులు మార్చుకుంది. మందుల సంచిలో, ప్లాస్టిక్ కవర్లో, ఆరు భాషల్లో ఆ మూడు కాగితాలు ఉంటాయి, రెండు పెన్నులు ఉంటాయి, చలికి ఒకటి రాయదు. రెఫరల్ రెండు భాగాలు: పైన అధికారికి అర్థమయ్యే మాటల్లో ఏమి చేయలేడు, ఏ తేదీ దాకా, కింద డాక్టరుకి కావలసిన వివరం. మాటివ్వగలిగింది ఏమిటో, ఇవ్వలేనిది ఏమిటో దుబాసీ చేత రోగికి చెప్పించి, తిరిగి అతని నోటే చెప్పించుకుంటాం.

ఈ కేసు తర్వాత చట్టం ఇంకా బిగిసింది. 2024 జూన్ 13న సరిహద్దు వెంట మళ్ళీ ప్రవేశ నిషేధ పట్టీ పెట్టారు, ఎక్కువచోట్ల 200 మీటర్లు, కొన్నిచోట్ల 2 కిలోమీటర్ల వెడల్పు. 2025 మార్చి చివర్లో బెలారస్ సరిహద్దులో శరణు దరఖాస్తు హక్కునే 60 రోజులు నిలిపేశారు, తర్వాత పొడిగిస్తూ వచ్చారు. మినహాయింపులున్నాయి: తోడులేని పిల్లలు, గర్భిణులు, వయసు వల్లో ఆరోగ్యం వల్లో ప్రత్యేక శ్రద్ధ అవసరమైనవాళ్ళు. అంటే డాక్టరు రాసిన వాక్యం ఇప్పుడు చట్టం తలుపు దగ్గర నేరుగా చదవబడుతుంది. 'సాధారణ స్థితి బాగుంది' అని అలవాటుగా రాసే చేతికి ఆ సంగతి తెలియాలి. నాతో వస్తామన్న పిల్లలిద్దరికీ మొదటి రోజు చేయించేది ఈ పనే: పాత డిశ్చార్జి కాగితం ఒకటి తీసుకుని, పేర్లు చెరిపేసి, గుమ్మం దగ్గర బండి ఆగి ఉందనుకుని తిరగరాయడం.

అతను ఇప్పుడు శరణార్థుల కేంద్రంలో ఉన్నాడు. కర్ర పట్టుకుని నడుస్తాడు. కుడి బూటు ఎడమదానికన్నా ఒక సైజు పెద్దది కొనుక్కోవాలి, జత ఎప్పుడూ రెండు పెట్టెల్లోంచి వస్తుంది. కేంద్రానికి పంపేటప్పుడు ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో 'ఎక్కడికి' అన్న గడిలో పూర్తి అడ్రసు రాసి ఉంది. దాన్ని దుబాసీ చేత రెండుసార్లు చదివించుకుని, మడిచి, లోపలి జేబులో పెట్టుకున్నాడు. మడమ కీలు అతికించే ఆపరేషన్ కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. శరణు ఇంటర్వ్యూ ఒకటి అయింది, నిర్ణయం ఇంకా రాలేదు.